కుడిచేతి రెండు వేళ్లు

పొద్దున్నే రొట్టెలమ్మే గెర్లిన్ వచ్చి ఒటీలియా పనిబల్ల ముందు కూర్చుంది. ముక్కు మీద పులిపిరి లేచింది. పోయినేడు గెర్లిన్ బొమ్మ చెక్కిన రాగిరేకు తీసి, బొమ్మ ముక్కు దగ్గర చుక్కంత చోటు ఒటీలియా గీకి సాపు చేసి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసింది. సిరా ఆరేలోగా గెర్లిన్ ముక్కు నున్నబడింది.

"నడుం కూడా కాస్త తగ్గించక్కా."

"నీ రొట్టెలు నువ్వే తినడం మానెయ్, అదే తగ్గుతుంది."

ఆ ఊరి చెక్కుడుపనిలో అంతే. కాగితం మీద ఏది పడితే మనిషికీ అదే.

మధ్యాహ్నం ఊరి మండలి పెద్ద కున్‌హోఫర్ వచ్చాడు. ఒటీలియా తమ్ముడు యోర్గ్ బురుజు కొట్లో ఖైదీగా ఉన్నాడు. "అడవీ నీళ్లూ దేవుడివి, దొరలవి కావు" అని రైతుల కోర్కెలు రాసింది వాడే. కుడిచేతి రెండు వేళ్లెత్తి వాళ్లతో ప్రమాణం చేశాడు గనుక ఆ వేళ్లు పోవాలని తీర్పు.

"నీ ఉలితో అయితే నెత్తురుండదు. కాదంటే తలారి ఉన్నాడు. వాడి గొడ్డలికి వేలేదో చెయ్యేదో తెలీదు."

దయట. వాళ్ల దయ ఎప్పుడూ మన చేతుల్తోనే పని చేయించుకుంటుంది.

రాగి మీద కుడి, కాగితం మీద ఎడమవుతుంది. అందుకే బొమ్మను తిప్పి చెక్కాలి. కొత్తగా చేరినవాళ్లు అది మరిచి తిట్లు తింటారు. ఇరవై ఏళ్లుగా చెక్కుతున్న ఒటీలియా ఆ రోజు తమ్ముడి బొమ్మ కొత్త రేకు మీద చెక్కుతూ కావాలనే తిప్పలేదు. కలం పట్టే చెయ్యి మిగిలితే చాలనుకుంది. అచ్చు తీసింది. బురుజులో యోర్గ్ ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి.

కున్‌హోఫర్ కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూశాడు.

"తిప్పడం మరిచావు, ఒటీలియా."

"మరిచానయ్యగారూ. పెద్దదాన్నవుతున్నా."

"పోన్లే. ఎడమది అలాగే ఉండనీ. రెండో చేతివీ గీకెయ్. నేనిక్కడే కూర్చుంటా."

నేల అందరిదీ, న్యాయం అందరిదీ అన్న తమ్ముడి మాటలన్నీ అనేద్దామనుకుంది. వాటి వెనకే గొడ్డలి గుర్తొచ్చింది. రేకును తోలుదిండు మీదికి జరిపింది. చెయ్యి వణికి ఒక్క వేలైనా మిగిలితే బాగుండుననుకుంది. ఇరవై ఏళ్ల పనితనానికి వణకడం తెలీదు. రెండో అచ్చూ తీసింది.

"శుభ్రమైన పని," అంటూ కున్‌హోఫర్ రేకు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం బురుజు కొట్లోకి రొట్టె తీసుకెళ్లింది. యోర్గ్ రెండు చేతులూ ఆమె ముందు పెట్టాడు.

"ఎవరి పనక్కా ఇది? మచ్చ కూడా లేదు."

ఒటీలియా రొట్టె తుంపి తమ్ముడి నోట్లో పెట్టింది.