అళగర్సామి నేర్పిన అరబ్బీ

ఆదివారం సాయంత్రమైతే చాలు, పాండిసెల్వికి ఒళ్లు మండిపోయేది. ఆమె పెనిమిటి తంగపాండి కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల లోడు లారీ తోలేవాడు. సౌదీలో నీళ్ల ట్యాంకరు తోలే పనికి వీసా వచ్చింది. నాలుగు అరబ్బీ మాటలైనా రాకపోతే అక్కడ మూగవాడివైపోతావని నలుగురూ బెదరగొట్టారు. దాంతో ప్రతి ఆదివారం బస్సెక్కి విరుదునగరం పోయి అళగర్సామి ముందు కూర్చునేవాడు. అళగర్సామి దమ్మాములో ఏడేళ్లు కట్టడం పని చేసి వచ్చినవాడు. వీళ్లింట్లో లాగే వాళ్లింట్లోనూ తెలుగే.

అక్కడ నేర్చిన మాట తిరుగు బస్సులో సాత్తూరు దాటేలోపే జారిపోయేది. అగ్గిపెట్టెలకు కాగితాలు అంటిస్తూ పాండిసెల్వి పాఠం అప్పజెప్పించుకునేది.

"నీళ్లు కావాలంటే ఏమనాల మామా?"

తంగపాండి తల గోక్కున్నాడు. "పని."

"పని గాదు, పానీ. ఈడ్సి చెప్పు. నువ్వు పని అని అడిగితే ఆయన ఇంకో పని చెప్తాడు. సెరి, బిరాన రమ్మనేకి?"

"జలదోసం."

"జలదోసం ముక్కుకి వచ్చేది. జల్దీ."

విని విని ఆమెకు అన్నీ నోటికొచ్చేశాయి. ఆ వీసా ఏదో తన పేరునే వచ్చి ఉంటే ఈ పాటికి నిశ్చింతగా ఉండేదాన్నని విసుక్కునేది.

ప్రయాణానికి ముందు వచ్చిన ఆదివారం, ఇక ఇతన్ని నమ్మి లాభం లేదని తనూ వెంట బయలుదేరింది. విరుదునగరంలో పప్పుల గోదాముల వీధిలో నడుస్తుంటే, దూరదేశపు నంబరున్న లారీలోంచి ఒకాయన దిగి తంగపాండిని ఆపాడు.

"భయ్యా, పానీ కహా మిలేగా?"

తంగపాండి తడుముకోలేదు. "పానీ ఉదర్" అని కుళాయి వైపు చెయ్యి చూపించాడు. "జల్దీ" అని కూడా చేర్చాడు. ఆయన నవ్వి బిందె తీసుకుని పోయాడు.

పాండిసెల్వి కడుపు నిండిపోయింది. "అరబ్బాయనతోనే అరబ్బీ మాట్లాడితివే మామా" అంది. తంగపాండి మీసం సవరించుకున్నాడు.

నాలుగడుగులు వేశాక ఆమెకే అనుమానం వచ్చింది. అరబ్బు దేశపు మనిషి విరుదునగరానికి పప్పుల లారీ ఎందుకు తోలుకొస్తాడు? వెనక్కి వచ్చి, మూటలు తూకం వేస్తున్న మనిషిని తమిళంలో అడిగింది. ఆయన విచిత్రంగా చూశాడు. లారీ ఇందోరుదనీ, మీ ఆయనా ఆ లారీ మనిషీ మాట్లాడుకున్నది హిందీ అనీ చెప్పాడు.

వాళ్లు పోయేసరికి అళగర్సామి అన్నానికి కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నువ్వు ఈయనకు నేర్పింది ఏ బాస?"

"అరబ్బీ, తాయీ."

"అది హిందీ అంట."

అన్నంలో చెయ్యి అలాగే ఆగిపోయింది. "ఏడు వరుసాలు ఆ బాసలోనే నేను కూడు తింటిని. అది అరబ్బీ గాదని ఒకడన్నా చెప్పలేదే."

"నీతో కూడా ఉన్నిందెవరు?"

"మేస్త్రి లాహోరాయన. మిగతావాళ్లు బీహారు తట్టు."

"అరబ్బును ఎప్పుడన్నా చూసినావా లేదా?"

"కారులో పోతావుంటే చూసినా."

పాండిసెల్వి దారి పొడుగునా పోగుచేసుకొచ్చిన తిట్లు ఎటో పోయాయి. గుమ్మం దగ్గర నిలబడిన అళగర్సామి భార్య జానకియమ్మాళ్, "మా ఆయనకు అరబ్బీ వస్తాదని వీదంతా చెప్పుకుంటినే" అని గొణిగి లోపలికి పోయింది. కాసేపటికి జానకియమ్మాళే వచ్చి మొగుడూ పెళ్లాలిద్దరికీ అరిటాకులు వేసింది. కాదనలేక కూర్చుని తిన్నారు.

తిరుగు బస్సులో తంగపాండి, "ఒక బాస నేర్సేకే ఇంత పాడు పడితిని. ఇంకోటి నా వల్ల కాదు సెల్వీ" అన్నాడు. ఆమె కిటికీలోంచి ఎండిన చేలను చూస్తూ కూర్చుంది.

అతను వెళ్లిన కొన్నాళ్లకు వీధి చివర టెలిఫోను బూత్ నడిపే ముత్తుమారి వచ్చి, ఫోనొచ్చిందని పిలిచింది. పాండిసెల్వి పరుగెత్తింది.

"ఎట్లుండావు మామా? అక్కడ ఏ బాస మాట్లాడతారు?"

"తెలుగు."

లైను సరిగా లేదనుకుని మళ్లీ అడిగింది.

"తెలుగే. నా గదిలో ఉండేది కడప మనిషి. నేను నోరు తెరిస్తే నగుతాడు. వాళ్ల అవ్వ మాట్లాడే తెలుగంట మనది."

"అరబ్బీ?"

"నన్ను పనికి పెట్టుకున్న ముదలాళి చెయ్యి చూపిస్తాడు. ఆ దిక్కుకు పోతాను."

"ఒక్క మాటన్నా నేర్సలేదా?"

"యల్లా అంటాడు" అన్నాడు తంగపాండి. "పో అనేకో, రా అనేకో ఇంకా తెలియలేదు."

పాండిసెల్వి బూత్ అద్దానికి తల ఆనించింది. "కడపాయన్ను అడిగి తెలుసుకో మామా. పో అంటే వచ్చి నిల్చోవద్దు."

లైను తెగిపోయింది. మీ ఆయన బాగున్నాడా అని ముత్తుమారి అడిగితే, బాగున్నాడని తమిళంలో చెప్పింది. ఆ మాట తన నోటితో అన్నాక గాని, నిజంగానే బాగున్నాడన్న సంగతి ఆమెకు తోచలేదు.