గంటన్నర ప్రయాణం

"బావా, విమానం ఖాయం చేసేశాను," అని టికెట్ల గుమస్తా ఫోనులో చెబితే, కుట్టుమిషను చప్పుడులో దర్జీ బావకు అది "అవమానం" అని వినబడింది.

"అవమానమా? ఎవరికిరా, నీకా నాకా?"

"విమానం బావా. ఎగిరేది."

"నిచ్చెనెక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయి. ఇంతకీ ఎంత దూరం?"

"మూడువేల ఎనిమిదివందల కిలోమీటర్లు."

"గాల్లో ఎంతసేపు వేలాడాలో చెప్పు. పళ్ళు బిగబట్టి రెండు గంటలు ఓర్చుకుంటా. ఆ పైన ఒక్క నిమిషం కూడా నా వల్ల కాదు."

గుమస్తా ఉండే పరాయిదేశపు ఊళ్ళోనే అతని మేనకోడలు, అంటే బావ కూతురు, బట్టలు కుట్టే కొట్టు తెరుస్తోంది. మొదటి గుడ్డ నాన్నే కత్తిరించాలని పట్టుబట్టింది. బావను రప్పించే పూచీ గుమస్తా నెత్తినేసుకున్నాడు.

అసలు ప్రయాణం ఐదు గంటలు. గుమస్తా అబద్ధమాడలేదు, అంతకంటే నున్నటి పని చేశాడు. "తొమ్మిదిన్నరకు ఎక్కుతావు, పదకొండుకు దిగుతావు. టికెట్ మీద అచ్చేసి ఉంది, చూసుకో," అన్నాడు. కాలం కలిసొచ్చిందని మురిసిపోయాడే గాని, ఆ రెండు ఊళ్ళ కాలాలూ కలవవనీ, దిగే ఊళ్ళో గడియారం మూడున్నర గంటలు వెనకుంటుందనీ చెప్పలేదు.

విమానాశ్రయంలో బావ గోడ పట్టుకుని బయటికొచ్చాడు. తాను కుట్టుకున్న చొక్కాకే పై గుండీలు మూడూ లేవు. మెలితిప్పి ఊడగొట్టుకుని గుప్పిట్లో పట్టుకున్నాడు.

"గంటన్నరకే ఈ అవతారమేంటి అన్నయ్యగారూ?" అని నవ్వింది, గుమస్తా చెప్పిన గంటన్నరనే నమ్మిన మేనకోడలి అత్తగారు.

"ఏం చెప్పను చెల్లెమ్మా. చెవుల్లో దూది పెట్టుకుని కూచున్నా. భయంతో గంటన్నర కాస్తా ఐదు గంటలంత సాగింది. చేతి గడియారం కూడా నాతోపాటే బెదిరి పరిగెత్తింది, రెండున్నర చూపిస్తోంది."

నిద్రబిళ్ళ వేసుకుని, ఎక్కినప్పటినుంచీ దిగేదాకా గుర్రుపెట్టిన బావ భార్య, గుమస్తా అక్క, అందుకుంది. "ఈయనకు గుండీలు కుట్టడం వచ్చుగాని, గుండె మాత్రం లేదు."

అందరూ నవ్వారు. కూతురు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వియ్యపురాలి ముందు తల వంచుకుని, బావ తనూ నవ్వుతూ గడియారం ముళ్ళు వెనక్కి తిప్పసాగాడు.

గుమస్తా నవ్వు సగంలో ఆగింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. బావ మాత్రం బతికినంతకాలం గంటన్నరకు బెదిరిన మనిషిగా మిగిలిపోతాడు.

"తిప్పకు బావా. నీ గడియారం సరిగ్గానే ఉంది."

అందరూ తనవైపు తిరిగారు. నేలచూపులు చూస్తూ చెప్పాడు. "ప్రయాణం నిజంగానే ఐదు గంటలు. అక్కడ రెండున్నర అయితే ఇక్కడ పదకొండు. నాకు తెలుసు. తెలిస్తే రావని చెప్పలేదు."

కూతురు నోటి మీంచి చెయ్యి తీసేసి తండ్రి భుజం పట్టుకుంది.

బావ కేకలేస్తే బాగుండును. వేయలేదు. "అంత దూరం గంటన్నరలోనా అని నాకూ అనిపించిందిరా. లెక్క కుదర్లేదు. నువ్వు చెప్పావు కదా, నా కొలతే తప్పనుకున్నా," అన్నాడు మెల్లగా.

గుమస్తాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "సంచీ ఇలా ఇవ్వు బావా," అని చెయ్యి చాచాడు. బావ ఇవ్వలేదు.

"నాకేం అర్థం కాలేదు. ఐదు గంటలు గంటన్నర ఎలా అయ్యాయి?" అంది అక్క. "అందరికీ వినబడేలా మళ్ళీ చెప్పు."

గుమస్తా మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు.