ఎదురుచూపులు లేని ఆసుపత్రి

మా పెద్దాసుపత్రికి పరదేశం డబ్బు వచ్చిన మాట నిజం. కళ్లున్న ఎవరికైనా కనిపిస్తుంది. గోడలకు లేత నీలం రంగు వేశారు, అద్దాల తలుపులు బిగించారు. హాలు నిండా మెత్తటి కుర్చీలు, గోడ మీద టోకెన్ నంబరు వెలిగే టీవీ. డాక్టర్లు మాత్రం ఎప్పటిలాగే ఇద్దరు. ఇంకో ఇద్దరిని పెట్టరాదా అంటే, జీతాలివ్వడానికి ఆ డబ్బిచ్చినవాళ్ల రూల్సు ఒప్పుకోవట. రంగులకి ఒప్పుకుంటాయి.

ఆ డబ్బుకి ఒక షరతు ఉంది. లోపలికి వచ్చిన రోగి అరగంటలోపు డాక్టరు ముందు ఉండాలి. దీని మీద సూపరింటెండెంటు గారు బుర్ర బద్దలు కొట్టుకుని చివరికి ఉపాయం పట్టేశారు. లోపలికి వస్తేనే కదా లెక్క! డాక్టరు ఖాళీ అయ్యేదాకా గేటు తీయొద్దని వాచ్‌మన్‌కి చెప్పేశారు. అంతే, ఆసుపత్రి రాత్రికి రాత్రి బాగుపడిపోయింది. కుర్చీలన్నీ లోపల, జనమంతా రోడ్డు మీద. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. కొలత కుదరకపోతే కుట్లు విప్పుతాను గానీ, మనిషిని చెక్కను. పెద్ద చదువులు చదవలేదు మరి.

మా చెల్లి బుజ్జికి తొలి కాన్పులో ఆసుపత్రికి చేరడం ఆలస్యమై బిడ్డ దక్కలేదు. ఈసారి బిడ్డ డాక్టరు చేతుల్లోనే పుట్టాలని నెలలు నిండేదాకా ఒకటే పాట పాడింది. మా మరిది లారీ మీద ఎక్కడో ఉన్నాడు. అందుకే నొప్పులు మొదలవగానే నేనే ఆటోలో వేసుకుని వచ్చాను. గేటు మూసి ఉంది.

"నొప్పులు తమ్ముడూ, గేటు తియ్యి."

"తీస్తానక్కా, ఎందుకు తియ్యను? లోపలున్న పేషెంటు బయటికి రానీ. ఆసుపత్రికి డబ్బిచ్చిన దొరసానమ్మ ఇవాళ చూడ్డానికొచ్చింది. తీశానంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"బిడ్డ ఆగుతుందా?"

"కాస్త ఆపమనక్కా."

చెల్లి గోడకి చేరగిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఊచల్లోంచి చూస్తే ఆ ఖాళీ హాల్లో దొరసానమ్మ ఒక్కో కుర్చీలో కూర్చుని చూస్తోంది. పక్కన సూపరింటెండెంటు గారు ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నిలబడ్డారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతలో పక్క గేటు తీసి చెత్తబండిని లోపలికి వదిలారు. చెత్తకి మాత్రం ఎదురుచూపు లేదు. దాని వెనకే నేనూ దూరిపోయి, తిన్నగా వెళ్లి దొరసానమ్మ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

పాపం, మంచి మనిషే. రోడ్డు మీద జనాన్ని, చెల్లిని చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. వీళ్లంతా ఎవరని అడిగింది. సూపరింటెండెంటు గారు తడుముకోలేదు.

"వీళ్లింకా రోగులు కాదండీ. లోపలికొస్తేనే రోగులు."

మన మాటలు ఆమె భాషలోకి మార్చి చెప్పడానికి వెంట వచ్చినాయన ఆ మాట ఆమె చెవిన వేశాడు. ఆమె కళ్లు తుడుచుకుని ఏదో చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మేడం గారు చాలా బాధపడుతున్నారు," అన్నాడాయన. "ఇంత ఎండలో మీకు నీడ లేదంటున్నారు."

"నీడ ఏం చేసుకోను? గేటు తియ్యమనండి బాబూ!"

ఆ ముక్క ఆయన ఆమెకి చెప్పనే లేదు. వాళ్లంతా ఆ పక్కకి వెళ్లి ఫుట్‌పాత్ పొడవు అడుగులతో కొలవసాగారు. వాళ్లు కొలుస్తుండగానే చెల్లి కేక పెట్టింది. ఆడవాళ్లు తలో బట్టా అడ్డం పట్టారు. దగ్గుమందు కోసం వచ్చిన ఒక ముసలామె, దగ్గుతూనే బిడ్డని అందుకుంది. ఆడపిల్ల. కాసేపు చప్పుడు లేదు. ఆ కాసేపట్లో నేను చచ్చి బతికాను. తర్వాత కెవ్వుమంది. నేనూ అక్కడే కూలబడి ఏడ్చాను, సంతోషమో కోపమో నాకే తెలియదు.

అప్పుడు గేటు బార్లా తెరిచారు. స్ట్రెచర్ పరిగెత్తుకుంటూ వచ్చింది. తల్లినీ బిడ్డనీ లోపలికి చేర్చగానే డాక్టరమ్మ చూసేసింది. ఎదురుచూపు సున్నా అని సూపరింటెండెంటు గారు గట్టిగా ప్రకటించారు, హాల్లో చప్పట్లు కూడా కొట్టారు.

మళ్లీ బిడ్డకి టీకా వేయించడానికి వెళ్తే గేటు బయట పెద్ద షెడ్డు వెలిసింది. ఫ్యాన్లు, మంచినీళ్లు, బెంచీలు, కిటకిటలాడుతున్న జనం. మేమూ ఓ మూల సర్దుకుని కూర్చున్నాం. వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి, చుట్టాల్ని చూసినంత సంబరంగా వచ్చాడు.

"మీ చెల్లెలి పుణ్యమేనక్కా ఇదంతా! ఆ మేడం ఇంటికెళ్లాక కూడా మర్చిపోలేదంట, మళ్లీ డబ్బు పంపింది. ఇటు రండి, ఒకటి చూపిస్తా."

షెడ్డు చివర పచ్చ తెర కట్టి ఉంది. పక్కకి లాగాడు. లోపల ఇనప మంచం, కవరు కూడా తీయని కొత్త పరుపు.

"ఇంక గేటు బయట కాన్పొచ్చినా ఇబ్బంది లేదు. దర్జాగా మంచం మీదే."

బుజ్జి బిడ్డని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని, మంచాన్ని కాసేపు చూసింది.

"మరి డాక్టరు?" అంది.

"డాక్టరు లోపలుంటారు కదమ్మా," అన్నాడు వాచ్‌మన్, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.