లాగ్‌లో లేని పేరు

ఆ ఆస్పత్రిలో ఆమెను అందరూ కంప్యూటరమ్మ అనేవాళ్ళు. ఆమె అక్కడి ఉద్యోగి కాదు, బయటి కంపెనీ తరఫున ఆరు నెలల పని మీద వచ్చింది. అంతకు ముందు ఏడాది ఎవరో రోగి రిపోర్టు బయటికి పొక్కి పెద్ద రభస అయింది. ఆరా తీస్తే, పెద్ద డాక్టరు నుంచి క్యాంటీన్ గుమాస్తా దాకా అందరిదీ ఒకటే పాస్‌వర్డని తేలింది. అదీ కాగితం మీద రాసి మానిటర్ అంచున అతికించి ఉంది! ఎవరు ఏం చూడాలో తేల్చి, సిస్టమ్‌ను దానికి తగ్గట్టు మార్చడం ఆమె పని.

మూడు వారాలు వార్డులన్నీ కాళ్ళరిగేలా తిరిగింది. ఎవరు ఏ పని చేస్తారో, ఆ పనికి ఏ వివరం కావాలో అడిగి రాసుకుంది. తర్వాత అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

“అనుమతి మనిషికి కాదండీ, పనికి. నర్సు రోల్‌లో ఉన్నవాళ్ళకి తమ వార్డు రోగులే కనబడతారు. కౌంటర్లో కూర్చునేవాళ్ళకి పేరు, డాక్టరు టైము, బిల్లు, అంతే. రేపు వార్డు మారారనుకోండి, పాతవి మూసుకుపోతాయి, కొత్తవి తెరుచుకుంటాయి. ఎవరు ఏ ఫైలు తెరిచినా టైముతో సహా లాగ్‌లో పడుతుంది.”

ఆడవాళ్ళ వార్డు పెద్ద నర్సుకు ఆ చివరి మాట మింగుడుపడలేదు. “ఇరవై ఆరేళ్ళుగా ఎవరి గుట్టూ గడప దాటనివ్వలేదమ్మా నేను. ఇప్పుడు నా మీద కాపలానా?” అంది.

“కాపలా కాదండీ, మీకు సాక్ష్యం అది.”

ఆ జవాబు కంప్యూటరమ్మకే ఎంతో నచ్చింది. ఇంటికెళ్ళి భర్తకు కూడా చెప్పుకుంది.

అందరి రోల్సూ తయారయ్యాయి, తనది తప్ప. పరీక్షలు చేసుకోవాలి కనుక తన అకౌంటుకు అన్నీ తెరుచుకునేలా పెట్టుకుంది. రోజుకు వందలసార్లు తెరిచి మూస్తుంటే లాగ్ అంతా తన పేరుతోనే నిండిపోతోందని, తన పేరు అందులో పడకుండా ఆపేసింది. పనయ్యాక సరిచేద్దామనుకుంది.

ఒక మధ్యాహ్నం, పేరు కొడితే రోగి ఫైలు వెతికిపెట్టే సెర్చ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూస్తోంది. దాని కోసం ఉత్తుత్తి రోగుల పేర్లు ఓ నలభై తయారుచేసి పెట్టుకుంది కూడా. అవి వదిలేసి, ఊరికే, అత్తవారి ఇంటిపేరు కొట్టింది. మూడు పేర్లు వచ్చాయి. మూడోది బుల్లిది.

బుల్లి ఆమె ఆడపడుచు, భర్తకు ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్ళయినా పుట్టింటి ఇంటిపేరు మార్చుకోలేదు. రెండు వీధుల అవతలే కాపురం. కంప్యూటరమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఫైలు తెరిచింది. ఏడు వారాల కిందట బుల్లికి మూడో నెలలో గర్భం పోయిందని అందులో ఉంది. ‘తల్లికి తెలియనివ్వవద్దని రోగి కోరారు’ అని డాక్టరు రాసిన ముక్క కూడా ఉంది. అది చూశాకైనా మూసెయ్యాల్సింది. మూయలేదు. చివరిదాకా చదివింది.

ఆదివారం బుల్లి పుట్టింటికి వచ్చింది. వంటింట్లో నిండు నీళ్ళ డబ్బా ఎత్తబోతుంటే కంప్యూటరమ్మ నోరు జారింది.

“బుల్లీ, వద్దు! రెండు నెలలైనా కాలేదు, అప్పుడే బరువులేంటి?”

అత్తగారు కత్తిపీట ముందు నుంచి తలెత్తారు. “ఏం రెండు నెలలు?”

ఆ తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు. అత్తగారు ఏడ్చారు, కన్నతల్లికి చెప్పకూడనంత పరాయిదాన్నయ్యానా అని కూతుర్ని నిలదీశారు. బుల్లి మాత్రం వదినవైపే చూస్తూ నిలబడింది.

“నీకెవరు చెప్పారు వదినా?”

“ఆస్పత్రిలో... ఎవరో మాటల్లో అన్నారు.”

“ఆ పెద్ద నర్సే కదూ? నా చెయ్యి పట్టుకుని మరీ ఒట్టేసింది, ఎవరికీ చెప్పనని.”

కంప్యూటరమ్మ అవునని అనలేదు. కాదని కూడా అనలేదు.

మంగళవారానికల్లా సూపరింటెండెంట్ బల్ల మీద బుల్లి ఫిర్యాదు ఉంది. ఆయన కంప్యూటరమ్మనే పిలిపించి లాగ్ తియ్యమన్నారు. బుల్లి ఫైలు తెరిచినవాళ్ళు ఇద్దరే: డాక్టరు రెండుసార్లు, పెద్ద నర్సు ఐదుసార్లు.

“మందులివ్వాలంటే తెరవాలి కదండీ,” అంది పెద్ద నర్సు. విచారణ తేలేదాకా ఆవిడను వార్డు నుంచి తీసి, దుప్పట్లూ పక్కబట్టలూ ఉంచే స్టోరు గదిలో వేశారు. కంప్యూటరమ్మ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉండిపోయింది.

గురువారం స్టోరు ముందునుంచి తలవంచుకుని వెళ్తుంటే ఆవిడే పిలిచింది. చేతిలో దుప్పట్ల మడతలున్నాయి.

“అమ్మా, సాక్ష్యం అన్నారు కదా మీరు. ఇంకొక్కసారి చూడండమ్మా. ఎక్కడో పొరపాటు జరిగుంటుంది. మీ చదువు మీద నాకు నమ్మకం ఉంది.”

కంప్యూటరమ్మకు తల కొట్టేసినట్టయింది. అక్కడినుంచి తిన్నగా సూపరింటెండెంట్ గదికి నడిచింది.

“ఆ లాగ్‌లో పడని పేరు ఒకటుందండీ. నాది.”

అంతా చెప్పింది. ఆయన అరవలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “ఫిర్యాదు వచ్చి ఇవాళ్టికి మూడోరోజు,” అన్నారు. “ఈ మూడురోజులూ మీరు రోజూ ఆవిడ ముందునుంచే వెళ్ళారు.” తర్వాత ఒక తెల్లకాగితం ఆమె ముందుకు జరిపారు. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టింది.

స్టోరుకు వెళ్ళి క్షమించమని అడిగితే పెద్ద నర్సు దుప్పట్ల లెక్క ఆపలేదు. చేతిలో ఉన్న దొంతి పూర్తిచేసి అలమరలో పెట్టాక అంది:

“నాకెందుకమ్మా చెప్పడం? నేను చెయ్యలేదని నాకు తెలుసుగా. వార్డులో చెప్పండి.”

డ్యూటీ మారే వేళ పదకొండుమంది నర్సుల ముందు నిలబడి చెప్పింది. వెనక నిలబడ్డ ఒకావిడ, “మాకేమో గీతలు గీసింది,” అని పక్కావిడ చెవిలో అనబోయి పైకే అనేసింది.

కంపెనీ ఆమెను ఆ పనినుంచి తప్పించింది. అప్పగింతలప్పుడు, కొత్తగా వచ్చినతను పక్కన కూర్చుని చూస్తుండగా, తన అకౌంటును తనే మూసింది. ఇక మీద ఎవరి అకౌంటూ లాగ్‌నుంచి తప్పించుకోకూడదన్న నియమం కూడా తన చేత్తోనే పెట్టింది. పెద్ద నర్సు ఆ రోజే తిరిగి వార్డుకు వెళ్ళింది.

ఇక మిగిలింది బుల్లి. వాళ్ళింటికి వెళ్తే తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. వదిన చెప్పింది విన్నంతసేపూ గడియ మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

“ఆ నెలంతా నేను ముఖం వేలాడేసుకునే తిరిగాను వదినా. ఏమైందే అని ఒక్కసారి అడిగినా నీకు చెప్పేసేదాన్నేమో. అడగలేదు. నా ఫైలు మాత్రం చదివావు.”

బుల్లి కళ్ళు తుడుచుకుంది.

“నర్సమ్మ దగ్గరికి నేను వెళ్ళాలి. లేనిపోని మాట అన్నాను ఆవిణ్ణి. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళనో,” అంది బుల్లి. కళ్ళు తుడుచుకుంది.

“నేనూ రానా?”

“వద్దు. నా తప్పు నేను చెప్పుకుంటాను.”

తలుపు మెల్లగానే వేసింది. మెట్లు దిగుతుంటే పై ఇంటావిడ ఎదురై, “ఏం, అప్పుడే వెళ్ళిపోతున్నారు?” అని పలకరించింది. కంప్యూటరమ్మ తల ఎత్తకుండానే ఏదో గొణిగి, పక్కకు ఒదిగి ఆవిడకు దారి ఇచ్చింది.