ఫోక్కో గారు హాజరు

శనివారం పొద్దున తాల్కె బజారుకి బయల్దేరిందంటే నేల మీద రెండు నీడలు నడిచేవి. ఒకటి ఆమెది, రెండోది ఫోక్కోది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నీడ మాత్రం ఇల్లు వదల్లేదు. టోపీ పెట్టుకుని, బతికున్నప్పటి తాపీ నడకతోనే ఆమె పక్కన వచ్చేది. చేపలమ్మే ఆవిడ "మోయిన్, మోయిన్" అని ఇద్దరినీ చెరొకసారి పలకరించేది. ఇంటికొచ్చాక తాల్కె రెండు కప్పుల్లో పటికబెల్లం వేసి, టీ పోసి, పైన మీగడ వదిలేది. రెండో కప్పూ తనే తాగేది. "చల్లారిపోతోంది, నీకెలాగూ బద్ధకం" అని నీడని దెప్పేది.

వాళ్లిద్దరూ పెళ్లి చేసుకోలేదు. అనుకున్నప్పుడల్లా గడ్డి కోతో, ఆవు ఈనడమో అడ్డొచ్చేది. తర్వాత ఆ మాట ఎత్తడానికి ఇద్దరికీ సిగ్గేసింది. కానీ ఫోక్కో బతికుండగానే శ్మశానంలో పక్కపక్కనే రెండు చోట్లు తన పేరు మీద తీసుకున్నాడు. వాళ్ల దేశంలో సమాధి చోటు సొంతం కాదు, ఊరు గడువు పెట్టి ఇస్తుంది. ఆయన పోగానే ఆ హక్కు బ్రెమెన్‌లో ఉన్న మేనల్లుడికి వెళ్లింది. అక్కడి నుంచి వచ్చి కలుపు తీయడం తన వల్ల కాదని మేనల్లుడు చోటు తిరిగిచ్చేశాడు. ఫోక్కో సమాధి రాయి తీసేసి, రెండో చోటు ఇంకెవరికో ఇస్తామని మునిసిపాలిటీ కబురు పంపింది.

తాల్కెకి కడుపు మండిపోయింది. ఆయన పక్కన కాక ఇంకెక్కడ పడుకుంటుంది తను? వెళ్లి దావా వేసింది.

విచారణ రోజు బాగా మబ్బేసింది. న్యాయమూర్తి ఆల్‌రిచ్స్ కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని వింటోంది. ఊరి తరఫు వకీలు డీర్క్స్ లేచాడు.

"దావా వేయాలంటే సొంత హక్కుకి దెబ్బ తగలాలండి. తాల్కె గారు భార్య కాదు, చుట్టం కాదు. చోటు ఆవిడ పేరున లేదు. ఆవిడకి కోర్టుకి వచ్చే హక్కే లేదు. చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది."

"నీ కష్టం నీ దగ్గరే ఉంచుకో," అంది తాల్కె.

"చట్టం ఆయన చెప్పినట్టే ఉందమ్మా," అంది న్యాయమూర్తి. "మీకు హక్కు లేదు."

తాల్కె చేతిసంచీ తీసుకుంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడి పక్కన పెడతారు నన్ను అనుకుంటూ లేవబోయింది.

"కూర్చోండి, నా మాట ఇంకా పూర్తవలేదు," అంది న్యాయమూర్తి. " డీర్క్స్ గారూ, హక్కు మేనల్లుడికి ఎప్పుడొచ్చింది?"

"ఫోక్కో గారు పోయినప్పుడండి."

"ఆయన్ని మీరు ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"ఇందాకే, మెట్ల మీద దీపం కింద. మోయిన్ అన్నాను, టోపీ ఎత్తారు," అనేసి డీర్క్స్ నాలుక కరుచుకున్నాడు.

ఊరు ఊరంతా ఆయన్ని రోజూ పలకరిస్తూనే ఉంది. కాగితం మీదకి వచ్చేసరికి లెక్కలోంచి తీసేసింది. న్యాయమూర్తి లేచి వెళ్లి తనే దీపం వేసింది. బల్ల ముందు నేల మీద రెండు నీడలూ స్పష్టంగా కనిపించాయి.

"మనిషి ఇక్కడే ఉంటే ఆయన హక్కు ఇంకొకరికి ఎలా పోతుంది? మేనల్లుడు తనది కానిది తిరిగిచ్చాడు. ఫోక్కో గారూ, ఈ దావా మీరు నడుపుతారా?"

తాల్కె కూర్చునే ఉంది. పక్కనున్న నీడ లేచి నిలబడి టోపీ తీసింది.

"ఫోక్కో గారు హాజరు అని రాసుకోండి," అంది న్యాయమూర్తి టైపిస్టుతో. "మరి ఫోక్కో గారూ, రెండో చోటు ఎవరికండీ?"

తాల్కె తల వంచుకుంది. ఈ ప్రశ్న ఆమె ఆయన్ని ఎన్నడూ అడగలేదు. ఏమంటాడోనని భయం. నీడ కూర్చుని, బెంచీ చివరికంటా జరిగి, పక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలింది.

తాల్కె జరిగి ఆ ఖాళీలో కూర్చుంది.

"ఈ ముక్క చెప్పడానికి నిన్ను కోర్టుదాకా లాక్కురావాలా, మొండి మనిషీ?" అంది ఏడుస్తూ.