పక్కపక్క సీట్లు

సుధాకరరావు చెడ్డవాడేం కాదు. కాకపోతే లాభం కనబడితే చెయ్యి ఊరుకోదు, అంతే.

రాధకు ప్రాణమైన గాయని ఒకావిడ సింగపూర్ స్టేడియంలో పాడబోతోందని తెలిసింది. పెళ్లయి పదహారేళ్లు. పిల్లలు, ఆఫీసులు అంటూ పరుగులే తప్ప, మొగుడూ పెళ్లాలిద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్క పాట విన్న పాపాన పోలేదు. ఈసారైనా వినాలని రాధ అడిగింది. సుధాకరరావు రెండు లాప్‌టాప్‌లు, మూడు ఫోన్లు ముందేసుకుని, ఆన్‌లైన్ క్యూలో మధ్యాహ్నం దాకా కాచుక్కూర్చుని రెండు టికెట్లు సాధించాడు. సింగపూర్‌లోనే యూ టీ అనే పేటలో తాముండే అపార్ట్‌మెంట్ బ్లాకంతా ఆ సంగతి చెప్పుకుని రాధ మురిసిపోయింది.

వారం తిరిగేసరికి ఆ టికెట్లు రీసేల్ సైట్లలో మూడింతలు పలుకుతున్నాయి. ఊరికే చూద్దామని సుధాకరరావు తన రెండూ అమ్మకానికి పెట్టాడు. టీ తాగి వచ్చేలోపు ఎవరో కొనేశారు. వెనక్కి తీసుకునే వీల్లేదు.

మూడు రోజులు ఆ సంగతి దాచాడు. నాలుగో రోజు అన్నాల దగ్గర చెప్పేశాడు. రాధ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆమె మాత్రం, కచేరీ ఉన్న శనివారం ఇంకే పనీ పెట్టుకోవద్దంది.

శనివారం సాయంత్రం పులిహోర డబ్బా, చాప చంకన పెట్టుకుని రాధ అతన్ని స్టేడియానికి లాక్కెళ్లింది. టికెట్ దొరకనివాళ్లు బయట వందలమంది అప్పటికే చతికిలబడి ఉన్నారు. పాట గోడ దాటి వస్తుంది కదా, దానికి టికెట్ అడిగేవాడెవడు?

ఇంకాసేపట్లో మొదలవుతుందనగా ఒకతను వంగి, ఒక్క టికెట్ మిగిలిందని గుసగుసగా చెప్పాడు. రెండు టికెట్లకు సుధాకరరావు పుచ్చుకున్నంతా ఆ ఒక్కదానికే అడిగాడతను. జన్మలో మొదటిసారి బేరమాడకుండా సుధాకరరావు ఫోన్ తీశాడు. నువ్వు లోపలికెళ్లు, నేనిక్కడే ఉంటానన్నాడు. రాధ ఆ ఫోన్ లాక్కుని తన సంచిలో పడేసింది.

"అక్కడ నా పక్కన ఎవరు కూర్చుంటారండీ?" అంది.

ఆ రోజు తాను అమ్మిందేమిటో సుధాకరరావుకు ఇప్పుడు తెలిసొచ్చింది. టికెట్టు మనిషి ఇంకో బేరం వెతుక్కుంటూ పోయాడు. లోపల మొదటి పాట అందుకున్నారు. రాధ చాప మీద ఇంకాస్త జరిగి, అతని భుజానికి ఆనుకుని కూర్చుంది.