నాలుగో పాటలో పేరు

లక్ష్మణమ్మ కత్తి మొనతో జీడిపప్పు మీది ఎర్రపొట్టు గీరి, తెల్లటి గుండు పప్పును పళ్ళెంలో వేసి, మరొకటి అందుకుంది. పక్క పీట మీద దాలమ్మదీ అదే పని. పలాస పొలిమేరలోని ఆ షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ రెండు పీటలూ పక్కపక్కనే ఉన్నాయి. దాలమ్మ పీలగా, వంగిన వీపుతో ఉంటుంది. ముక్కుకు రెండు పక్కలా పుడకలు. జీడిపిక్కలు కొట్టిన రోజుల్లో వాటి సొన కాల్చిన వేళ్ళు నల్లగానే ఉండిపోయాయి, కుడి బొటనవేలికి గోరు సగమే మిగిలింది.

పైన స్పీకర్లో ఇంగ్లీషు పాట మోగుతోంది. షెడ్డు యజమాని జగన్నాధం గారు విశాఖలో చదువుకున్న రోజుల్లో కొనుక్కున్న రాక్ క్యాసెట్టు అది. మొదట్లో ఆయన సినిమా పాటలు పెట్టేవాడు. ఆడవాళ్ళంతా గొంతు కలిపేవారు, చేతులు ఆగిపోయేవి. విసుగెత్తి ఈ క్యాసెట్టు పెట్టేశాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! కానీ డ్రమ్ము మోగగానే నలభై కత్తులు వాటంతటవే పరుగెత్తాయి. క్యాసెట్టు అరిగి సీడీ వచ్చింది, సీడీ పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది, ఆ ఎనిమిది పాటలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటికి వీళ్ళే పేర్లు పెట్టుకున్నారు. మొదటిది రైలు పాట, రెండోది ఏడుపు పాట, మూడోది గాలివాన. ఎన్నిసార్లు విన్నా ఏదో ఒక మూల కొత్తగా వినిపిస్తుంది. ఏడుపు పాటలో వెనకాల ఎవడో ఈల వేస్తాడని లక్ష్మణమ్మకు పదేళ్ళ తర్వాత గాని తెలియలేదు. పోయిన నెల పనిలోకి దిగిన యజమాని కూతురు కౌముది కొత్త పాటలు పెట్టి చూసింది. రెండు రోజులు అందరూ ఉప్పులేని గంజి తాగినట్టు పనిచేశారు. మూడో రోజు లక్ష్మణమ్మే వెళ్ళి, “మా పాటలు మాకు పెట్టీ తల్లీ” అని అడిగింది.

నాలుగోది దాలమ్మ పాట. చివర్లో ఆ పాడేవాడు గొంతు చించుకుని “దాలమ్మా!” అని పిలుస్తాడు. దాలమ్మ తల ఎత్తకుండా “ఓయ్” అంటుంది. మొదటిసారి షెడ్డంతా పడీపడీ నవ్వింది. ఇప్పుడెవరూ నవ్వరు. దాలమ్మ మొగుడు ఎర్రన్న ఉన్నన్నాళ్ళూ “ఏయ్” అన్నాడే గాని పేరు పెట్టి పిలవలేదని లక్ష్మణమ్మకు తెలుసు. కొడుక్కి అమ్మ, కోడలికి అత్త, హాజరుపట్టీలో ఏడో నంబరు, లక్ష్మణమ్మకు ఒదిన. నోరారా పేరు పెట్టి పిలిచేవాడు లోకంలో ఆ తెల్లోడొక్కడే.

ఆ రోజు తిండికి లేచే ముందు “ఓయ్” అన్నప్పుడు కౌముది అక్కడే ఉంది. పక్కవాళ్ళని అడిగి సంగతి తెలుసుకుని, నవ్వుతూ వచ్చి ఫోన్ చూపించింది. కల్మషం లేని పిల్లే.

“అతను మిమ్మల్ని పిలవట్లేదమ్మా. ‘ద అలారమ్’ అని సాగదీస్తున్నాడు. అలారం అంటే నిద్ర లేపే గంట.”

లక్ష్మణమ్మకు ఒళ్ళు మండిపోయింది. దాలమ్మ మాత్రం, “గంటా తల్లీ? మంచిదే” అని మరో పప్పు అందుకుంది.

లక్ష్మణమ్మకు బెంగ పట్టుకుంది. ఈసారి పిలుపొస్తే ఒదిన పలుకుతుందా? పలక్కపోతే ఆ పీట పక్కన తాను ఎలా కూర్చోవడం?

మధ్యాహ్నం చద్దన్నం తింటూ కదిపింది. “ఆ పిల్ల మాట ఒగ్గీ ఒదినా. ఆడు నీ పేరే అంటన్నాడు. నాకు ఇనిపిస్తంది గదా.”

దాలమ్మ ఉల్లిపాయ కొరికి, తీరిగ్గా నమిలింది. “ఆడు ఎవులిని పిలిసినాడో, ఆళ్ళు పలకలేదు. నాను పలికినాను. అంతే.”

రెండు గంటలకు నాలుగో పాట వచ్చింది. పిలుపు వచ్చింది. దాలమ్మ “ఓయ్” అంది. లక్ష్మణమ్మకు ప్రాణం లేచొచ్చింది.

మూడు కాకముందే పాట మళ్ళీ వచ్చింది. పిలుపు వచ్చింది, వెళ్ళింది. ఎవరూ పలకలేదు. కౌముదిని తిట్టడానికి నోరు తెరుస్తూ లక్ష్మణమ్మ పక్కకు తిరిగింది. దాలమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కత్తి ఒళ్ళో ఉంది, సగం పొట్టు తీసిన పప్పు వేళ్ళ మధ్య ఉంది. కళ్ళు మూసుకుని పాట వింటున్నట్టే ఉంది.

“ఒదినా” అంది లక్ష్మణమ్మ. భుజం పట్టి కుదిపింది. తర్వాత, జీవితంలో మొదటిసారి, “దాలమ్మా! ఒలే దాలమ్మా!” అని కేకేసింది.

ప్రాణం పోయిన దాలమ్మను ఇంటికి చేర్చడానికి ఆమె కొడుకు నాగబాబు ఆటో తెచ్చేలోగా కౌముది గోడ మేకుకున్న దాలమ్మ సంచి తీసింది. “నేను చెప్పకుండా ఉండాల్సింది” అని ఏడ్చింది. సంచిలో టిఫిన్ గిన్నె, రెండు చుట్టలు, అగ్గిపెట్టె ఉన్నాయి. అడుగున గుడ్డలో చుట్టి ఏదో ఉంది. విప్పితే పాత క్యాసెట్టు తాలూకు అట్టకాగితం. దాని మీద జుట్టు పెంచిన నలుగురు మగాళ్ళు. వెనకవైపు నాలుగో పాట పక్కన పెన్సిలుతో చిన్నపిల్లల రాత.

“ఏటి రాసుంది?” అంది లక్ష్మణమ్మ.

కౌముది కాగితాన్ని వెలుతురుకు తిప్పి చదివింది. “‘అలారం అంటే గంట. నీ పేరు కాదు అమ్మా. ఇట్లు, నాగబాబు, ఐదో తరగతి.’”

నాగబాబుకిప్పుడు ముప్పై ఐదేళ్ళు. అట్ట మడతల దగ్గర మూడుచోట్ల చిరిగింది. చిరిగిన ప్రతిచోటా ఎవరో అన్నం మెతుకులు నలిపి, ఓపిగ్గా అతికించారు.